రోజుకొక కథ: ఒక సిపాయి జాబు, మన ఇంటి మాట

మన పావగడ తాలూకాలో ఒక పిల్లవాడు "మా నాయన మిలిట్రీకి ఏంటికి పోయినాడు?" అని అడిగితే ఆ ఇంట్లో జవాబు తెలుగులోనే వస్తుంది. అదే జవాబు కాగితం మీద పెట్టి పంపాలంటే కన్నడంలోకి పోతుంది. మన తాలూకా భాష చరిత్ర సగం ఈ రెండు వాక్యాల్లోనే ఉంది. మూడు పక్కలా అనంతపురం సీమ, చదువు కన్నడం, ఇంట్లో తెలుగు. అందుకే, సిపాయి తన బిడ్డకు యుద్ధాన్ని ఏ మాటల్లో చెప్తాడు అనే ప్రశ్న మనకు ఊరికే సాహిత్యం ప్రశ్న కాదు.

ఈసారి ఒక జాబు తీసుకుంటాను. అది మన తాలూకాది కాదు, తెలుగులో రాసింది కూడా కాదు. ఎందుకు తీసుకున్నానో చదువుతూ పోతే తెలుస్తుంది.

1999 కార్గిల్ యుద్ధంలో 2 రాజపుతానా రైఫిల్స్ పటాలంలో మేజర్ పద్మపాణి ఆచార్య ఉండేవాడు. ఒడిశా మూలాలున్న హైదరాబాదు కుటుంబం. తండ్రి కూడా వైమానిక దళంలో వింగ్ కమాండర్‌గా పని చేసినాయన. జూన్ 13న ఆ పటాలం టోలోలింగ్ కొండ పట్టుకుంది. జూన్ 19న మేజర్ తండ్రికి ఇంగ్లీషులో ఒక చిన్న జాబు రాసినాడు. జూన్ 28న తరువాతి కొండ మీదికి పోయిన దాడిలో చనిపోయినాడు. ప్రభుత్వం మహావీర చక్ర ఇచ్చింది. జాబు రాసేనాటికి ఆయన భార్య గర్భవతి. కొన్ని నెలలకు ఆడబిడ్డ పుట్టింది, అపరాజిత అని పేరు పెట్టినారు.

జాబులో ముఖ్యమైనవి మూడు సంగతులు. చనిపోయే వాళ్ల లెక్క చూసి దిగులు పడొద్దు, ఈ పనిలో అది ఉండేదే, మన చేతిలో లేదు, ఒక మంచి పని కోసమే కదా అని ఒకటి. అమ్మకు చెప్పండి, యుద్ధంలో నిలబడడం జీవితంలో ఒకసారి దొరికే గౌరవం అని రెండోది. మూడోది, నా భార్యకు రోజుకొక భారత కథ చెప్పండి, మీ మనవడికో మనవరాలికో మంచి గుణాలు అబ్బుతాయి అని. ఇవి నా మాటల్లో చెప్పినాను, ఆయన మాటలు ఇంకా పొట్టివి.

జులై 26 వచ్చిందంటే ఈ జాబు తెలుగులో మన ఫోన్లలోకి వచ్చి పడుతుంది. నేను ఫిర్యాదు చేసేది ఆ తెలుగు గురించి. "వృత్తిపరమైన ప్రమాదం" అంటారు. "పోరాటం జీవితకాలపు గౌరవం" అంటారు. "విలువలను పెంపొందించుకుంటుంది" అంటారు. ఒక్క మాట కూడా తప్పు కాదు. అయితే ఏ కొడుకూ ఏ తండ్రితోనూ ఇట్ల మాట్లాడడు. రాసిన మనిషి పోయి, నాలుగు రోడ్ల కూడలిలో బొమ్మ మిగిలింది.

ఇంగ్లీషు జాబులోని మొదటి సంగతి నిజానికి ఉద్యోగం మాట. తండ్రీ కొడుకూ ఇద్దరూ అదే కొలువు చేసినవాళ్లు, కాబట్టి కొడుకు వివరాల్లోకి పోలేదు. గనిలో పని చేసే తండ్రికి గనిలో పని చేసే కొడుకు రాసినట్టు రాసినాడు. దాన్ని మన ఊరి మాటలో పెట్టి చూడండి: "సచ్చేదీ బతికేదీ మన చేతిలో ల్యాదు నాయనా, ఈ పనిలో అదుండేదే." ఇది అనువాదమని చెప్పను, ఆ భావం మన నోట్లో ఎట్ల పలుకుతుందో చూపిస్తున్నాను, అంతే. "వృత్తిపరమైన ప్రమాదం"లో లేనిది ఇందులో ఒకటి వచ్చింది. "అదుండేదే" అనే మాటను మనం వాన రాని సంవత్సరానికీ వాడతాం, కాయ లేని శెనక్కాయ పంటకూ వాడతాం, బోరు ఎండిపోతే కూడా వాడతాం. ఆ మాట దుఃఖాన్ని పెద్దది చెయ్యదు, చిన్నదీ చెయ్యదు, తెలిసిన వాటి వరసలో కూర్చోబెడుతుంది. మేజర్ చేసింది కూడా అదే.

ఇంకో చిన్న సంగతి. ఇంగ్లీషులో "చెప్పు", "చెప్పండి" అనే తేడా లేదు. ఫోన్లో తిరిగే తెలుగు ఎప్పుడూ "చెప్పండి" అనే అంటుంది. మన పల్లెల్లో కొడుకు నాయనను నువ్వు అనే అంటాడు, "అమ్మకు చెప్పు నాయనా" అంటాడు. మర్యాద లేక కాదు, దగ్గరితనం ఉండి. తెలుగులోకి తెచ్చేవాళ్లు ఏ ఊరి ఇంటిని మనసులో పెట్టుకుని రాస్తున్నారో ఈ ఒక్క ప్రత్యయంలో తెలిసిపోతుంది.

రెండో సంగతిలోని గౌరవం అనే మాట కూడా మన దగ్గర నిలవదు. మనకు "మర్యాద" ఉంది, అది ఇంటికి వచ్చినోళ్లకు చేసేది, కన్నడం వాళ్లూ అదే అర్థంలో అంటారు. "మానం" ఉంది, అది పోగొట్టుకునేది. తన పనిలో తనకు దొరికిన గొప్ప అవకాశాన్ని మన పెద్దోళ్లు చెప్పాలంటే "ఇట్లాంటి పని చిక్కేది పుణ్యం" అంటారు. పుణ్యం అనంగానే అర్థం కొంచెం జరిగిందని ఒప్పుకుంటాను. మేజర్ చెప్పింది సైనికుడి గర్వం, పుణ్యం చెప్పేది దేవుడి దయ. ఈ చోట నిఘంటువు తెలుగే ఆయనకు దగ్గర. మన మాట అన్ని చోట్లా గెలుస్తుందని వాదించడం నా ఉద్దేశం కాదు.

అసలు యుద్ధానికి మన ఇంట్లో ఉండే మాట ఏది? జగడం ఉంది. కొట్లాట ఉంది. గలాటె ఉంది. జగడం అంటే గట్టు దగ్గరిది, నీళ్ల దగ్గరిది, అన్నదమ్ముల మధ్యది. కొట్లాట అంటే చేతులు లేచినది. గలాటె అంటే సద్దు ఎక్కువ, దెబ్బలు తక్కువ. ఇక పాత మాట దండు. పాళెగాళ్ల కాలం కథల్లో "దండు వచ్చింది" అంటారు. దండు అంటే సైన్యం, అది దిగిన చోటు కూడా. బెంగళూరు కంటోన్మెంటును కన్నడంలో ఇప్పటికీ దండు అనే అంటారు, అక్కడి రైలు స్టేషను కూడా దండు స్టేషనే. మన ముసలోళ్ల నోట్లో దండు ఎప్పుడూ వచ్చేదే, పోయేది కాదు. అంటే మనం దండులో ఉండే వాళ్లం కాదు, దండు దారిలో ఉండే వాళ్లం. పంట దాచుకుని, పసరాలను తోలుకుని కొండెక్కే వాళ్ల మాట అది. నిడగల్లు కోట, పావగడ కోట చూసిన పిల్లవానికి ఇది వేరేగా చెప్పాల్సిన పని లేదు.

యుద్ధం అనే మాట మాత్రం మన నోట్లోకి ఇంట్లో నుంచి రాలేదు. బడి నుంచి వచ్చింది, రేడియో నుంచి వచ్చింది, అన్నింటికన్నా ముందు నాటకం స్టేజీ మీద నుంచి వచ్చింది. అందుకే మన పిల్లలకు యుద్ధం అంటే కిరీటం, గద, హార్మోనియం. నాయన యుద్ధానికి పోయినాడంటే వాని కండ్లకు కనపడేది ఒక వేషం. జగడానికి పోయినాడంటే వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది: ఎవురితో? ఏంటికి? జగడం అనే మాట కారణం అడగకుండా వదలదు. జాబులో "మంచి పని కోసం" అని ఊరుకున్న చోట మన ఇంటి పిల్లవాడు ఊరుకోడు. అది ఆ జాబులో లోపం అనను, రాసింది పిల్లవానికి కాదు కదా. అయితే దాన్ని పిల్లల చేత బడిలో చదివించే వాళ్లు ఆ ఖాళీని చూడాల.

మన వైపు జాబుల సంప్రదాయం కూడా ఒకసారి చూడాల. పాత జాబుకు ఒక చట్రం ఉండేది. ఉభయకుశలోపరి అని మొదలు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీ క్షేమానికి రాయవలెను అని. కన్నడంలో కూడా అదే ఉభయకుశలోపరి, కొంచెం తోక ఎక్కువ, అంతే. చిరంజీవికి ఆశీర్వాదాలు, పెద్దలకు నమస్కారాలు, డబ్బు పంపినాను ముట్టిందా, ఎద్దు బాగుందా. ఇన్‌లాండ్ లెటరులో ముప్పాతిక వంతు దీనికే అయిపోయేది. యుద్ధంలో ఉన్నవాడు ఇక్కడ క్షేమం అని రాయడమంటే అబద్ధమన్నా రాయాల, లేకుంటే ఆ మాటకు కొత్త అర్థమన్నా పెట్టుకోవాల: ఈ జాబు రాసే గడియకు బతికి ఉన్నాను అని. చిరునామా చూస్తే 56 ఏపీవో అని ఉంటుంది. కాశ్మీరులో ఉన్నా అదే, ఇంకో చోట ఉన్నా అదే. బిడ్డ నాయనకు జాబు రాస్తుంది, నాయన ఏ ఊర్లో ఉన్నాడో దానికి తెలియదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకు పోయిన మన దేశం సిపాయిల జాబులను సర్కారు వాళ్లు విప్పి చదివి, వాటిలో కొన్ని భాగాలు ఇంగ్లీషులో రాసిపెట్టినారు. లండనులో ఇప్పటికీ ఆ కాగితాలు ఉన్నాయి. ఎక్కువ పంజాబు, ఉత్తర దేశం వాళ్లవి. చాలామందికి రాయడం రాదు, ఎవరో రాసిపెట్టేవాళ్లు. ఊర్లో ఇంకెవరో గట్టిగా చదివి వినిపించేవాళ్లు. అంటే ఆ జాబుకు రెండు కొసలా మాటే, నడుమ మాత్రం కాగితం. మనకు మిగిలింది ఆ నడుమది కూడా కాదు, దాని ఇంగ్లీషు నీడ. ఆ నీడలోనే ఎంత బతుకు ఉందంటే, సెన్సారు కండ్లు కప్పడానికి వాళ్లు మన సిపాయిలను నల్ల మిరియాలు అనీ, తెల్ల సిపాయిలను ఎర్ర మిరపకాయలు అనీ రాసేవాళ్లు. సరుకు ఎంత అయిపోయింది, ఎంత మిగిలింది అని రాస్తే ఊర్లో వాళ్లకు అర్థమయ్యేది. వంటింటి మాటలు పట్టుకుని యుద్ధం లెక్క చెప్పినారు. పుస్తకం భాషకు ఈ పని చేత కాదు.

1915లో గాయపడి ఆస్పత్రిలో ఉన్న ఒక సిపాయి ఇంటికి రాస్తూ ఇది యుద్ధం కాదు, లోకం ముగిసిపోతోంది, భారతంలో చెప్పిన లాంటిది అన్నాడు. ఎనభై నాలుగేళ్ల తరువాత కార్గిల్ నుంచి రాసిన చదువుకున్న ఆఫీసరు కూడా భారతం దగ్గరికే పోయినాడు. ఒకాయన చూసిన దాన్ని చెప్పడానికి పోయినాడు, ఒకాయన పుట్టబోయే బిడ్డ కోసం పోయినాడు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను, తెలుగు వాళ్లకు నచ్చే మాట. కుంపిణీ కాలంలో ఉత్తర దేశంలో సిపాయిని తిలంగా అనేవాళ్లు. తెలుగు నాడు నుంచి మొదట్లో చేరిన వాళ్ల వల్ల ఆ పేరు పడి, తరువాత అవధ్ నుంచి వచ్చిన వానికి కూడా అదే పేరు నిలిచింది. 1857 ఢిల్లీలోనూ తిరగబడిన సిపాయిలు తిలంగాలే. మన భాష పేరే సిపాయికి పేరయింది. ఇక మన పాత మైసూరు సంస్థానం గుర్రపు దళం 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణం మీదికి జోధ్‌పూరు దళంతో కలిసి పోయింది. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడిన మూడు బొమ్మలు మైసూరు, హైదరాబాదు, జోధ్‌పూరు దళాలకు గుర్తు. బొమ్మలు ఉన్నాయి, పేర్లు ఉన్నాయి. మాటలు ఉన్న చోటు ఇంటి అటక మీది ట్రంకు పెట్టె.

ఇప్పుడు మూడో సంగతికి వస్తాను. జాబుకు ప్రాణం అదే అని నా అభిప్రాయం. చదివిన వాళ్లందరూ అభిమన్యుడి పేరు చెప్తారు. కడుపులో ఉండంగానే పద్మవ్యూహం కథ విన్నాడు, లోపలికి పోయే దారి తెలిసింది, తల్లికి నిద్ర పట్టడంతో బయటికి వచ్చే దారి వినలేదు అని. సరే. అయితే ఆ ఇంట్లో జరిగిన దానితో పోల్చాల్సింది అభిమన్యుడు కాదు, పరీక్షిత్తు. మొగుడు యుద్ధంలో పోయేనాటికి కడుపుతో ఉన్నది సుభద్ర కాదు, ఉత్తర. తండ్రి మొగం చూడకుండా పుట్టిన బిడ్డ పరీక్షిత్తు. ఆయన కొడుకు జనమేజయుడు వైశంపాయనుణ్ణి అడుగుతాడు, మా పెద్దోళ్ల మధ్య ఆ భేదం ఎట్ల పుట్టింది, అంత నాశనం ఎట్ల జరిగింది అని. దానికి జవాబే భారతం. మన ఊరి మాటలో చెప్పాలంటే, మా తాతలు ఏంటికి కొట్లాడుకున్నారు అని మనవడు అడిగినందుకు చెప్పిన కథ అది. యుద్ధంలో పోయినోళ్ల బిడ్డల బిడ్డలకు చెప్పడం కోసమే ఆ పుస్తకం కట్టినారా అనిపిస్తుంది. మేజర్ ఇదంతా తలుచుకుని రాసినాడని నేను అనను. జూన్ 19న ఆయన మనసులో ఉన్నది బిడ్డకు మంచి గుణాలు రావాలనే. కానీ జాబు రాసినవాడు ఒక దారి చూపించినాడంటే, ఆ దారి ఆయన అనుకున్న చోటు దాటి కూడా పోతుంది.

రోజుకొక కథ అన్నాడు. ఒక కథ అనలేదు, నీతి కథలు ఏరి చెప్పమనలేదు. రోజుకొకటి చెప్పుకుంటూ పోతే ఏదో ఒక రోజు స్త్రీ పర్వం వస్తుంది, తప్పించుకునే వీలు లేదు. పద్దెనిమిది పర్వాల్లో అది పదకొండోది. తిక్కన గారు విరాట పర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు తెలుగు చేసినారు, కాబట్టి అది మన తెలుగులోనే ఉంది. గాంధారి యుద్ధభూమిలో నడుస్తూ ఒక్కొక్క పీనుగనూ చూసి ఏడుస్తుంది. తన కొడుకుల కోసమే కాదు, అభిమన్యుడి మీద పడి ఏడ్చే ఉత్తరను చూపించి కూడా ఏడుస్తుంది. గెలిచిన పక్షమని, ఓడిన పక్షమని అక్కడ తేడా లేదు. ధృతరాష్ట్రుడు భీముడనుకుని ఇనుప బొమ్మను కౌగిలించి నుగ్గు చేస్తాడు. గెలిచిన ధర్మరాజుకు రాజ్యం వద్దనిపిస్తుంది. పిల్లవానికి యుద్ధం చెప్పడమంటే ఇంతవరకు చెప్పడం. పద్మవ్యూహంతో ఆపేస్తే మళ్లీ లోపలికి పోయే దారి మాత్రమే నేర్పినట్టు.

మన జిల్లా నాటకాలు ఎక్కడ ఆపుతాయో చూడండి. తుమకూరు జిల్లాలో కురుక్షేత్ర నాటకం ఆడని ఊరు అరుదు. రైతులే వేషగాళ్లు, నెలల తరబడి నేర్చుకుని తెల్లవార్లూ ఆడతారు. మన తాలూకాలో స్టేజీ మీద కన్నడ పద్యం, తెర వెనక "రేయ్, గద యాడ పెట్టినావురా" అని తెలుగు. దుర్యోధనుడు పడేసరికి కోడి కూస్తుంది, తెర దిగుతుంది, గాంధారికి టైము ఉండదు. చిత్తూరు వైపు 18 రోజుల భారతం ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి ఆట. చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడిని పడుకోబెట్టి భీముడి వేషగాడు తొడ మీద కొడతాడు. పిల్లలకు యుద్ధం అంటే అక్కడితో అయిపోయిన లెక్క. మిగతాది చెప్పేది ఇంట్లో అవ్వలే. ఆ అవ్వల భారతం మన తెలుగులో ఉండేది. "ఆయమ్మ నూర్గురు బిడ్లను కన్నెది, ఒక్కడు మిగల్లే" అని ఒక్క ముక్కలో స్త్రీ పర్వం చెప్పేసేవాళ్లు. ఆ తెలుగును ఎవరూ రాసిపెట్టలేదు. ఎందుకంటే రాయగలిగిన మనవళ్లకు వచ్చింది కన్నడ అక్షరం, పుస్తకాల షాపులో దొరికింది బెజవాడ తెలుగు.

ఒక ఆఫీసరు ఇంగ్లీషులో రాసిన జాబుకు మన మాండలికంతో ఏం సంబంధం అని అడిగే మిత్రులున్నారు. ఆ ఇంటి భాష ఒకటి, ఆ ఊరి భాష ఒకటి, ఆ జాబు భాష ఇంకొకటి. మన తాలూకాలో ఇంటికి తెలుగు, జాబుకు కన్నడం, ఆఫీసుకు ఇంగ్లీషు. మూడు భాషల మధ్య బతికే మనిషి బిడ్డకు ముఖ్యమైనది చెప్పాల్సి వచ్చినప్పుడు, తాను రాసే భాషలో చెప్పకుండా, ఇంట్లో ఉన్న పెద్దాయన నోటికి అప్పజెప్పినాడు. ఆ చిన్న కాగితంలో నాకు గొప్పగా కనిపించింది ఇదే. వివరణ రాయలేదు, వివరించే మనిషిని ఏర్పాటు చేసినాడు. బ్యాంకు భాషలో చెప్పాలంటే నామినీని రాసి పెట్టినాడు. మొత్తం ఒకేసారి కాకుండా రోజుకొకటి ఇవ్వమన్నాడు. వినేవాళ్లకు భరించే శక్తి ఎంతో ఆయనకు తెలుసు.

ఫోన్లో తిరిగే తెలుగు పాఠం ఈ మూడో వాక్యాన్నే ఎక్కువ పాడు చేస్తుంది. "భారతంలోని విలువలను బోధించండి" అని ఉంటుంది. బోధించేది పంతులు. తాత చెప్పేది కథ. జాబులో ఉన్నది కథ, రోజు, తాత. వీటిలో ఒకటి తీసేసినా అది వేరే జాబు అయిపోతుంది.

మన వైపు నుంచి సైన్యంలో పని చేసిన వాళ్ల ఇండ్లలో 1962, 1965, 1971 నాటి ఇన్‌లాండ్ లెటర్లు, పోస్టు కార్డులు ఉంటే విప్పి చూడండి. కన్నడ అక్షరాల్లో రాసిన తెలుగు ఉంటే అది మరీ ముఖ్యం. వై.ఎన్. హొసకోట, నాగలమడికె, వెంకటాపురం, తిరుమణి వైపు మిత్రులు ప్రత్యేకంగా చూడాల. ఇంటి సంగతులు, పేర్లు మూసిపెట్టి మాటలు మాత్రం పంపినా చాలు: యుద్ధాన్ని ఏమన్నాడు, శత్రువును ఏమన్నాడు, బిడ్డను ఏమని పిలిచినాడు. ఉభయకుశలోపరి తరువాత వచ్చే మొదటి వాక్యం మాత్రం ఉన్నది ఉన్నట్టు, తప్పులు దిద్దకుండా రాసి పంపండి.